కప్ప కడుపులో సీసం

మా మేనత్త కొడుకు మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకోమని మా ఆయన చెప్తాడు, అమ్మ చెప్తుంది. ఇద్దరి మాటా వింటాను, తలూపుతాను. కోపం మాత్రం ఉన్నచోటే ఉంది.

నేను బాన్సువాడలో మా ఇంటి వంటగదిలోనే కేకులు చేసి అమ్ముతాను. పుట్టినరోజులకు, పెళ్లిరోజులకు, ఇప్పుడైతే కొత్త ట్రాక్టర్ కొన్నా కేకు కోస్తున్నారు. వారమంతా ఆ పనే. ఆదివారం పొద్దున మాత్రం ఆర్డర్లు పెట్టుకోను. మా ఆయన బండి మీద నన్ను మహమ్మద్ నగర్ దాటించి నిజాంసాగర్ నీళ్ల దగ్గర దింపుతాడు. ఆయన నీడ చూసుకొని దుప్పటి పరుచుకొని ఫోన్ చూస్తూ పడుకుంటాడు. నేను కొర్రమట్ట చేపలకు గాలం వేస్తాను.

ఆడవాళ్లు చేపలు కొనడం, కడగడం, వండడం ఎరిగిన ఊరికి, ఆడమనిషి గాలం పట్టుకొని గట్టు మీద నిలబడడం వింతగా ఉంటుంది. నాకు వింత కాదు. చిన్నప్పుడే మా నాన్న నన్ను కాలువ గట్టుకు తీసుకుపోయి వెదురు కర్ర చేతికిచ్చాడు. కర్రకు తంగూస్ అనే నైలాన్ దారం, దారానికి గోధుమపిండి ముద్ద. అప్పుడప్పుడు మా మేనత్త కొడుకు, నా బావ, మాతో వచ్చేవాడు. నాకంటే మూడు నాలుగేళ్లు పెద్ద. దారం కదలగానే గుంజేవాడు. చేప ఎర మింగేదాకా ఆగేవాడు కాదు. "నీ మరదలి చెయ్యి చూడు, ఎంత నిమ్మలంగ ఉంటదో" అనేవాడు నాన్న. బావకు ఆ మాట ఎంత లోతుగా దిగిందో నాకప్పుడు తెలియదు.

నాన్న పోయాక చాలా ఏళ్లు గాలం ముట్టలేదు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ మొదలుపెట్టాను. అప్పటికి వెదురు కర్రలు పోయి రీల్ ఉన్న రాడ్లు వచ్చాయి, పిండి ముద్దలు పోయి రబ్బరు కప్పలు వచ్చాయి. కప్పను నీటి మీద విసిరి, తామరాకుల మధ్య గెంతులేయిస్తూ లాగితే, కొర్రమట్ట కింది నుంచి వచ్చి పట్టుకుంటుంది. కుర్రవాళ్లంతా ఫోన్లలో ఆ వీడియోలు చూసి ఎగబడుతున్న రోజులవి. బావ అది కనిపెట్టి, బోధన్ రోడ్డులో నడుపుతున్న ఫోన్ కవర్ల దుకాణాన్ని గాలాల దుకాణం చేశాడు. గోడ నిండా కొక్కేలకు వేలాడే ప్యాకెట్లు. వాటి మీద నోరు తెరిచిన చేప బొమ్మ ఒకటి. అది మన నీళ్లలో దొరికే చేప కాదు. బాస్ అంటారట, ఆ కప్పలు అసలు ఆ చేప కోసం తయారయ్యాయట. మన కొర్రమట్టకు ఆ తేడా పట్టదు.

నా రాడ్ సన్నటిది, తేలికైనది. కేకుల డబ్బుతో ఇష్టపడి కొనుక్కున్నాను. పిడికి కొంచెం పైన చిన్న అక్షరాలతో 5-15 గ్రాములు అని రాసి ఉంటుంది. ఆ రాడ్‌తో విసరగలిగే ఎర బరువు అది. విసిరేటప్పుడు రాడ్ వెనక్కి వంగుతుంది, వంగి లేచేటప్పుడు అదే ఎరను తీసుకుపోతుంది. ఎర మరీ తేలికైతే రాడ్ వంగదు, ఎర కాళ్ల దగ్గరే పడుతుంది. బరువెక్కువైతే రాడ్ వంగుతూనే పోతుంది, దాని ఓపిక అయిపోయిన చోట విరుగుతుంది. ఇది నేర్చుకోవడానికి నాకు ఎవరి సాయం అక్కర్లేకపోయింది. కేకులో బేకింగ్ పౌడర్ చిటికెడు ఎక్కువైతే నడుమ గుంట పడుతుందని తెలిసిన మనిషికి, గ్రాములు ఏం చేస్తాయో వేరే చెప్పాలా?

ఒక శనివారం బావ దుకాణానికి వెళ్లి ఆకుపచ్చ కప్ప ఒకటి తీసుకున్నాను. ప్యాకెట్ మీద 12 గ్రాములు అని ఉంది. చేతిలో పెట్టుకుంటే బరువు తోచింది.

"బావా, గిది జర బరువున్నట్టు లేదా?"

"రాసుంది కద మరదలా, చదువుకున్నదానివే. నీ రాడ్‌కు మంచిగ సరిపోతది."

మరునాడు నీళ్ల దగ్గరికి వెళ్లేసరికి బావ కూడా అక్కడే ఉన్నాడు. దుకాణంలో కొనే కుర్రవాళ్లను కొందరిని వెంటబెట్టుకొచ్చాడు. జుక్కల్ వైపు నుంచి బండ్ల మీద వచ్చినవాళ్లు, బాన్సువాడ వాళ్లు. వాళ్లకు గాలం వేయడం చూపిస్తూ, తన దుకాణం గురించి చెప్పుకుంటూ ఫోన్‌లో వీడియో తీయించుకుంటున్నాడు. మా వీధి చివర ఉండే చాచా కూడా కొంచెం దూరంలో కూర్చొని ఉన్నాడు. చాచా పెద్దాయన, ఒకప్పుడు బట్టలు కుట్టేవాడు. ఇప్పుడు ఆయన పనంతా నీటి వైపు చూడడమే.

"ఆగుండ్రి, మా మరదలు ఏస్తది చూడుండ్రి" అన్నాడు బావ, ఫోన్ నా వైపు తిప్పించి.

విసిరాను. కప్ప దూరంగానే పడింది, కానీ రాడ్ చేతిలో మూలిగినట్టు అనిపించింది. రెండోసారి కొంచెం నెమ్మదిగా వేశాను. మూడోసారి రాడ్ వెనక్కి వంగి, తిరిగి లేవలేదు. ఎండు కట్టె విరిగిన చప్పుడైంది. పై సగం దారం మీదుగా జారి నీళ్లలో పడింది. నా చేతిలో పిడి, దాని మీద మూరెడు కర్ర మిగిలాయి.

బావ నవ్వాడు. ఫోన్ ఇంకా నడుస్తూనే ఉంది.

"మా మామ బతికున్నన్ని రోజులు గీమె చెయ్యే చెయ్యి అనేటోడు. చూసిండ్రా, గిదీ మా మామ నేర్పిన చెయ్యి. మామకే రాదు, ఇగ బిడ్డకేమొస్తది. కేక్ మీద క్రీమ్ రాసుకునుడే నయం."

కుర్రవాళ్లు నవ్వారు. చాచా నవ్వలేదు. దారం చుట్టుకొని, రాడ్ ముక్కలు ఏరుకొని, మా ఆయనను లేపి ఇంటికి వచ్చేశాను.

సాయంత్రానికి ఆ వీడియో చేపలవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఉంది. అక్కడి నుంచి ఎక్కడెక్కడికి పోయిందో చెప్పలేను. నస్రుల్లాబాద్ నుంచి కేకు కోసం వచ్చిన ఒకావిడ, డబ్బా చేతిలో పెట్టుకొని, "రాడ్ ఇరగ్గొట్టింది మీరేనట కదా అక్కా" అని నవ్వింది. ఆమె తప్పేమీ లేదు. చక్కెర తక్కువ వేయమని చెప్పినంత మామూలుగా అంది. ఆమె వెళ్లిపోయాక గుడ్లు గిలక్కొట్టడానికి కూర్చున్నాను. గిన్నె పక్కకు తోసేదాకా అవి ఎంత నురగ అయ్యాయో చూసుకోలేదు.

నా గురించి అన్నదానికి ఒకటి రెండు రోజులు ఏడ్చి మర్చిపోయేదాన్నేమో. నాన్న నోరు తెరిచి జవాబు చెప్పలేడు. ఆయనను అన్న మాట మాత్రం లోపలే కూర్చుంది.

విరిగిన రాడ్ ముక్కకు కప్ప ఇంకా వేలాడుతూనే ఉంది. మూలన పెట్టినదాన్ని తీసి, విప్పి, జెలటిన్ తూచుకునే చిన్న కాంటా మీద పెట్టాను. అది గ్రాములో పదో వంతు కూడా చూపిస్తుంది. అంకె చూసి నమ్మలేదు. కప్ప కడుపు బోలుగా ఉంటుంది కాబట్టి నీళ్లు చేరి ఉంటాయనుకున్నాను. పిండాను, గుడ్డతో తుడిచాను, కిటికీలో ఎండబెట్టాను. ఆరాక మళ్లీ తూచాను. 26.4.

ప్యాకెట్ మీద ఉన్నదానికి రెండింతలు దాటింది. నా రాడ్ మోయగలిగినదానికి పదకొండు గ్రాములు ఎక్కువ.

తప్పు తయారీలోనే జరిగిందేమో అనుకున్నాను. బావ మీద అన్యాయంగా నింద వేయడం నాకు ఇష్టం లేకపోయింది. వేస్తే గట్టిగా నిలబడే నిందే వేయాలి. మా ఆయనను దుకాణానికి పంపి, అదే రకం కప్పలు మూడు, ఇంకా రేకు ఎరలు, సీసం గుళ్లు తెప్పించాను. ఎందుకో ఆయనకు చెప్పలేదు. అన్నీ తూచాను. రేకు ఎరల ప్యాకెట్ మీద పది గ్రాములుంటే, లోపలివి ఎనిమిదికి అటూ ఇటూ ఉన్నాయి. సీసం గుళ్లలో ఒకదానికొకటి పొంతన లేదు. వాటిని చౌక సరుకు అనుకొని వదిలేయొచ్చు. కప్పలు మాత్రం మూడూ ఇరవై ఆరు దగ్గరే ఉన్నాయి. చౌక సరుకు అంత బుద్ధిగా ఒకే తప్పు చేయదు.

కత్తి తీసుకొని ఒక కప్ప కడుపు కోశాను. లోపల చిటికెన వేలి కొన అంత సీసం ముక్క, జిగురుతో అంటించి ఉంది. జిగురు పక్కకు కారి గట్టిపడింది. అది ఫ్యాక్టరీ పని కాదు. కడుపు కింద సన్నటి కోత, దాని మీద మళ్లీ జిగురు. ఆకుపచ్చ మీద ఆకుపచ్చ రంగు పూసి ఉంది.

అప్పుడు అర్థమైంది. కప్పలు దూరం పోవడం లేదని దుకాణంలో కుర్రవాళ్లు గొణగడం నేనూ విన్నాను. అందుకని బావ వాటి కడుపులో సీసం పెట్టి అమ్ముతున్నాడు. నాకు అమ్మినప్పుడు అతనికి తెలుసు. రాడ్ విరిగినప్పుడు ఎందుకు విరిగిందో ఆ గట్టు మీద తెలిసిన మనిషి అతనొక్కడే. తెలిసీ ఫోన్ వైపు తిరిగి నాన్న పేరెత్తాడు.

మా ఆయనకు కోసిన కప్ప చూపించాను.

"పోయి అడుగుదాం పా" అన్నాడు.

"అడిగితే లోపటికి తీస్కపోయి చాయ్ పోస్తడు. నన్ను మంది ముంగట అన్నడు."

"అయితే ఏం చేస్తవ్?"

నాకప్పటికి తెలియదు. దారి బావే చూపించాడు. ఆ వారంలోనే ఫోన్ చేశాడు.

"మరదలా, దుకాణం పెట్టి ఏడాదైతుంది. కప్ప బొమ్మతోని మంచి కేక్ చెయ్యి. గిది జర ఇరగకుండ చెయ్యి."

"చేస్త బావా" అన్నాను. నా గొంతు ఎంత తీయగా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

ఆ కేకు మీద పెట్టినంత శ్రద్ధ నేను నా పిల్లల పుట్టినరోజులకు కూడా పెట్టలేదు. చాక్లెట్ కేకు, మీద నీలం క్రీముతో నీళ్లు, పక్కన తామరాకులు. నడుమ చక్కెర ముద్దతో ఆకుపచ్చ కప్పను చేసి వెల్లకిలా పడుకోబెట్టాను. కడుపు కోసి ఉంచాను. కోతలో వెండిరంగు పూసిన చక్కెర ముక్క. కింద తెల్ల క్రీముతో రాశాను: "ప్యాకెట్ మీద 12 గ్రాములు, కడుపుల 26." క్రీమ్ రాసుకునుడే నయమన్న మనిషికి అక్షరాలు అందంగా కనపడాలని ఒకటికి రెండుసార్లు సరిదిద్దాను. మా ఆయన వెనక నిలబడి చూసి, "జర ఎక్కువైతలేదా?" అన్నాడు. డబ్బా మూత వేసి రిబ్బన్ కట్టాను.

దుకాణం ముందు షామియానా వేశాడు. గట్టు మీద ఆ రోజు నవ్విన ముఖాలు చాలావరకు ఉన్నాయి. చాచా కుర్చీలో కూర్చొని ఉన్నాడు. బావ కొత్త చొక్కా వేసుకొని, ఫోన్ ఒక కుర్రవాడి చేతికిచ్చి, "గ్రూపుల లైవ్ పెట్టు" అన్నాడు. అది నేను అడగకుండానే జరిగింది.

రిబ్బన్ విప్పాడు. మూత తీశాడు. కప్పను చూసి నవ్వుతూ పైకి చదవడం మొదలుపెట్టాడు.

"ప్యాకెట్ మీద పన్నెండు గ్రాములు, కడుపుల..."

అక్కడ ఆగిపోయాడు.

"కడుపుల ఏందన్న?" అన్నాడు ఫోన్ పట్టుకున్న కుర్రవాడు.

"ఇరవై ఆరు" అన్నాను. సంచిలోంచి కాంటా తీసి కేకు పక్కన బల్ల మీద పెట్టాను. గోడకు వేలాడుతున్న ప్యాకెట్లలోంచి ఒక కప్పను తీయమని ఆ కుర్రవాడికే చెప్పాను. నేను తీస్తే మార్చి తెచ్చానంటారు. తీశాడు, పెట్టాడు, అంకె చదివాడు. తర్వాత కేకు కోయడానికి పెట్టిన కత్తి తీసుకొని కప్ప కడుపు కోశాను. సీసం ముక్క బల్ల మీద పడి కొంచెం దొర్లి ఆగింది.

"దూరం పోతలేవని మీరే మొత్తుకుంటిరి కదా. గందుకే ఏసిన" అన్నాడు బావ.

"ఏసినవ్, మంచిదే. చెప్పినవా?"

జుక్కల్ కుర్రవాడొకడు ముందుకొచ్చాడు. "అన్నా, నా రాడ్ గూడ ఇరిగింది. నీకు ఏసుడు రాదు అన్నవ్. ఊళ్లె మొకం చూపియ్యలేదు నేను." వెనక నుంచి ఇంకొకరెవరో తనకూ అదే మాట అన్నాడన్నారు. చాచా లేచి వచ్చి, సంచిలో నుంచి తన ఎరల డబ్బా తీసి నా ముందు పెట్టాడు.

"బేటీ, నాయి గూడ జర తూకమేసి చూడు. భుజం నొస్తుంటే ముసలితనం అనుకున్న."

ఒక్కొక్కటీ తూచాను. తొందరపడలేదు. ప్రతి అంకెనూ పైకి చదివాను, ప్యాకెట్ మీద ఉన్నదీ చదివాను. బావ మొదట నవ్వడానికి చూశాడు, తర్వాత లోపలికి పోయి ఏదో సర్దుతున్నట్టు నిలబడ్డాడు. అతని మెడ వెనక చెమట కొత్త చొక్కాకు దిగడం చూశాను. ఆ చూడడం నాకు చాలా బాగుంది. బాగుండకూడదని ఎవరైనా అంటే వాళ్లతో వాదించను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కడుపునిండా తిని హాయిగా పడుకున్నాను.

మరునాడు పొద్దున్నే మేనత్త వచ్చింది. గుమ్మం లోపలికి వచ్చింది గానీ కూర్చోలేదు.

"నలుగుట్ల నా కొడుకు పరువు తీసినవ్ కదనే. ఇంట్లదానివే గిట్ల చేస్తే బయటోళ్లేం చెయ్యాలె? ఎవ్వలొస్తరు ఇగ దుకాణానికి?"

"నా పరువు ఆయన తియ్యలేదా అత్తా? మా నాయనది గూడ తీసిండు."

"నీ నాయన మాట మధ్యలకెందుకొచ్చింది?"

ఆమె ఆ వీడియో చూడలేదని అప్పుడు తెలిసింది. మా నాన్న ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. ఫోన్ తీసి చూపించాను. చిన్న తెర మీద కొడుకు నవ్వడం చూసింది, మామకే రాదు అనడం విన్నది. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. అప్పుడు కూర్చుంది. నీళ్లిస్తే తాగింది. తాగి, లేచి వెళ్లిపోయింది. ఆమెను అలా పంపినందుకు మాత్రం నాకు బాధగానే ఉండింది. ఆమెకు నేనేం అపకారం చేయాలనుకోలేదు.

ఇంట్లో ఏం జరిగిందో తెలియదు. ఆ సాయంత్రమే బావ కొత్త రాడ్ ఒకటి పట్టుకొని వచ్చాడు. నా పాతదానికంటే ఖరీదైనది. గోడకు ఆనించి నిలబెట్టి, వీడియో తీసేశానన్నాడు.

"రాడ్ వద్దు బావా. నిజామాబాద్ నుంచి తెప్పిచ్చుకుంటున్న. మా నాయనను అన్న మాట తప్పని ఒక్కసారి చెప్పు."

"నవ్వులాటకన్న."

"అదే చెప్పు, గ్రూపుల."

రాడ్ తీసుకొని వెళ్లిపోయాడు.

దుకాణం మూతపడుతుందని అనుకున్నాను. నిజం చెప్పాలంటే పడాలని కోరుకున్నాను. కొన్నాళ్లు ఈగలు తోలుకున్నాడు కూడా. తర్వాత ఏం చేశాడంటే, నా దగ్గరున్నలాంటి కాంటా ఒకటి కొని గల్లా పక్కన పెట్టాడు. ప్రతి ఎరనూ తూచి, ప్యాకెట్ మీద అచ్చువేసిన అంకె కొట్టేసి, మార్కర్‌తో అసలు బరువు రాయడం మొదలుపెట్టాడు. సీసం వేసిన కప్పలకు విడిగా ఒక గోడ పెట్టి, గట్టి రాడ్లకు మాత్రమే అని బోర్డు వేశాడు. ఆ మాట పాకింది. బోధన్ నుంచి కూడా వస్తున్నారట ఇప్పుడు, సరైన బరువు దొరికేది అక్కడే అని. నేను కోసిన కప్ప వల్ల అతనికి మునుపటికంటే ఎక్కువ గిరాకీ వచ్చింది. ఇది విన్న రోజు నాకు అన్నం సయించలేదు. మా ఆయన కంచం ముందు కూర్చొని నవ్వు ఆపుకోవడం చూసి ఆయన మీద కూడా అరిచాను.

మొన్న ఒక ఆదివారం నీళ్ల దగ్గర బావ మళ్లీ కనిపించాడు. ఒంటరిగా వచ్చాడు. కొంచెం దూరంలో బండి ఆపి, నా దగ్గరికి నడిచి వచ్చాడు.

"గట్టు మీద పోటీ పెడుతున్న మరదలా. ఎరలు, చేపలు తూచెతందుకు నువ్వు కూసుంటే మంచిగుంటది. నీ తూకమంటే అందరు నమ్ముతరు."

"కూసోను."

"ఇంకెన్ని రోజులు గీ కోపం?"

"మా నాయనను అన్న మాట గదే మంది ముంగట ఎనక్కి తీస్కో. అప్పుడు చూద్దం."

"వీడియో తీసేసిన కద."

"నీ ఫోన్లకెల్లి తీసేసినవ్. ఆళ్ల ఫోన్లల్ల ఉంది, నా ఫోన్ల ఉంది."

బావ ఒకసారి నోరు తెరిచాడు. ఆ మాట వస్తుందేమోనని నేను ఎదురుచూశాను, అది ఒప్పుకోవాలి. రాలేదు. మెడ రుద్దుకొని, బండి వైపు నడిచాడు.

"పోనియ్యి ఇగ" అన్నాడు దుప్పటి మీది నుంచి మా ఆయన.

"పోనియ్యను" అన్నాను.

బావ బండి చప్పుడు గట్టు మలుపు దాటి వినిపించకుండా పోయేదాకా ఆగి, తామరాకుల వైపు గాలం వేశాను.